పులుసు వెచ్చబెట్టండి, వస్తా ఉండా

ఆ సీరియల్లో ఇంజనీరు చనిపోయే ఎపిసోడ్ గురించి మా గ్రూపులో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. మిగతా అన్నిటి గురించీ తగువులాడుకున్నవాళ్ళమే. కెప్టెనమ్మ జుట్టు కత్తిరించుకోవడం మీద తగువు, ఓడకి కొత్త రంగు వేసినందుకు తగువు, పాత డాక్టరు మంచివాడా కొత్త డాక్టరు మంచివాడా అని నెలల తరబడి తగువు. ఆ ఒక్క ఎపిసోడ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ ఏదో పని గుర్తొస్తుంది.

అల్లూరు బస్టాండు వెనక వీధిలో నాకో చిన్న ల్యాబు ఉంది. రొయ్యల చెరువుల వాళ్ళు కూల్‌డ్రింకు సీసాల్లో నీళ్ళు, ప్లాస్టిక్ కవర్లలో రొయ్యలు తెచ్చిస్తారు. నీళ్ళలో ఉప్పెంత ఉందో, రొయ్యకి తెగులు తగిలిందో లేదో చూసి చెప్పడం నా పని. ఈ పనిలో నాకు ఒకటే చిరాకు. తెల్లమచ్చ తెగులు వచ్చిందండీ, చెరువు పోయినట్టే అని చెబితే ఎదుటి మనిషి నవ్వుతాడు. "అయితే ఈ వారమంతా మా ఇంట్లో రొయ్యల వేపుడే మేడమ్" అంటాడు. పంటంతా నీళ్ళపాలైతే ఈ ఇకిలింపు ఏమిటని నాకు ఒళ్ళు మండేది. ఒకాయన్ని మొహం మీదే అడిగేశాను కూడా. ఆయన ఇంకాస్త గట్టిగా నవ్వి, ఖాళీ సీసా తీసుకుని వెళ్ళిపోయాడు.

నాకు ఆ సీరియల్ అంత నచ్చడానికి ఇదొక కారణం అయి ఉంటుంది. అంతరిక్షంలో తిరిగే ఒక పాత ఓడ కథ అది. నా చిన్నప్పటి నుంచీ వస్తూనే ఉంది. నటులు మారారు, ఓడ మారింది, తీసేవాళ్ళు కూడా మారారు. పాత సీజన్లలో ఎవరైనా చనిపోతే ఓడలో వాళ్ళంతా కిటికీ దగ్గర నిలబడి బయటి చీకటిని చూసేవాళ్ళు. ఎవరూ మాట్లాడరు, వెనక సంగీతం కూడా ఉండదు. మా అమ్మ మంచం పట్టిన రోజుల్లో ఆమె పక్కన కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ సీజన్లన్నీ మళ్ళీ చూశాను. పరామర్శకు వచ్చిన చుట్టాలు అమ్మ మంచం చుట్టూ కూర్చుని హాస్యాలాడుతుంటే, నా దుఃఖాన్ని దుఃఖంగా చూసింది ఆ సీరియల్ ఒక్కటే అనిపించింది.

తర్వాత కొత్తవాళ్ళు వచ్చి అందులో జోకులు పెట్టారు. యుద్ధం మధ్యలో జోకు, అంత్యక్రియల్లో జోకు. వంట చేసే యంత్రం ఒకటి జారిపడితే దాని మీద అరగంట నవ్వులు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, చెప్పుకోవడానికి మనిషి కావలసి వచ్చింది. అలా వెతుక్కుంటూ వెళ్ళి ఈ గ్రూపులో చేరాను.

నెల్లూరు జిల్లాలో ఆ సీరియల్ చూసేవాళ్ళ ఫోన్ గ్రూపు అది. సంగంలో వరి పండించే ఒక పెద్దాయన దాన్ని నడుపుతారు. బ్యారేజీ నీళ్ళు ఎప్పుడు వదులుతారన్న చింత ఒక పక్క, నక్షత్రాల మధ్య ఓడ ఎటు తిరిగిందన్న చింత ఇంకో పక్క ఉన్న మనిషి. చేరిన వారానికే గ్రూపు రెండు ముక్కలని అర్థమైంది. నవ్వులుండాలనేవాళ్ళు, ఉండకూడదనేవాళ్ళు. ఉండకూడదనేవాళ్ళకు తొందరలోనే నేను పెద్దనయ్యాను. అవతలి పక్షానికి పెద్దలు ఇద్దరు, జువ్వలదిన్నె బావాబామ్మర్దులు.

పేర్లు నేను రాయను. గ్రూపులో కూడా ఎవరూ వాళ్ళను పేర్లతో పిలవలేదు. బావ, బామ్మర్ది, అంతే. బామ్మర్ది సొంత అక్కను బావకిచ్చి చేశారు. ఇద్దరివీ వేర్వేరు పడవలు, పక్కపక్క ఇళ్ళు. ఆ వరస ఉన్నవాళ్ళు ఒకరితో ఒకరు తిన్నగా మాట్లాడరని మనకు తెలిసిందే, కానీ వీళ్ళది మరీ విడ్డూరం. బామ్మర్దికి జ్వరమొస్తే బావ గ్రూపులో సంతాప సందేశం పెట్టాడు. బావ కొత్త వల కొంటే, చిరుగుల్లేని వల ఈయనకెందుకని బామ్మర్ది అందరినీ అభిప్రాయం అడిగాడు. వాళ్ళ నోట మామూలు మాట నేనెప్పుడూ వినలేదు.

బావ టైపు చేసేవాడు కాదు, గొంతు రికార్డు చేసి పంపేవాడు. వెనక ఎప్పుడూ గాలి హోరు, ఏదో ఇంజన్ చప్పుడు. ఆ చప్పుడు మీదుగా, అక్కా అంటూనే నా మీద పడేవాడు.

"అక్క నవ్విన రోజు అల్లూరు చెరువులన్నిట్లో రొయ్యలు చస్తాయి, ఆమెని నవ్వించబాకండి" అని ఒకసారి.

ఇంకోసారి మాత్రం కాస్త ఓపిగ్గా చెప్పాడు. "అక్కా, నీళ్ళ మీద పోయేటప్పుడు ఒకడు మొహం ముడుచుకోని కూచుంటే పక్కనోడికి భయం పుడద్ది. ఆ ఓడలో వాళ్ళదీ అదే కత. అందుకని నవ్వుతా ఉండారు. మీకేమో సీను పాడైపోయిందని బాధ."

నేను ఊరుకునే రకం కాదు. "అది నీ పడవ కాదు నాయనా, సీరియల్. ఎవడో భయపడతాడని నా సీను నేనెందుకు పాడుచేసుకోవాలి?" అని రాశాను. దానికి బామ్మర్ది చప్పట్లు కొట్టే బొమ్మ పెట్టి, "బావకి జవాబు చెప్పేవాళ్ళు దొరికినారు, దండం తల్లీ" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ తగువు కోసమే నేను పొద్దున్నే ఫోన్ తెరిచేదాన్ని. సీరియల్ చూడటం కన్నా వాళ్ళతో పోట్లాడటం బాగుండేది.

ఆ సీరియల్లో ఇంజనీరుకు ఒక ఊతపదం ఉంది. ఓడ బయటికి వెళ్ళి ప్రాణం మీదికి తెచ్చుకునే పని ఏది చేస్తున్నా, సూపు వేడిగా ఉంచండి, వచ్చేస్తున్నా అంటాడు. లోపలివాళ్ళు అయిపోయిందంటారు. ప్రతి సీజన్లోనూ ఇది ఉండాల్సిందే. మా బావ దాన్ని నెల్లూరుకు తెచ్చేశాడు. "పులుసు వెచ్చబెట్టండి, వస్తా ఉండా." దానికి బామ్మర్ది ఇంకొంచెం కలిపాడు. "అయిపోయింది బావా. గిన్నె కూడా కడిగేసినాం."

గ్రూపులోనే కాదు, సముద్రం మీద కూడా వాళ్ళది అదే వరస. పడవలో వైర్‌లెస్ సెట్టు ఉండేది. వల తీసి ఒడ్డుకు తిరిగేటప్పుడు, బయల్దేరానని చెప్పడానికి బావ ఆ మాటే అనేవాడు. బామ్మర్ది ఆ జవాబే ఇచ్చేవాడు. చుట్టుపక్కల పడవల వాళ్ళకు సీరియల్ ఏమిటో తెలియకపోయినా, ఆ మాట వినపడితే ఆయన వేట ముగిసిందని తెలిసిపోయేది.

గ్రూపుకు సంగం పెద్దాయన పెట్టిన నియమం ఒకటి చెప్పాలి. కొత్త ఎపిసోడ్ వచ్చాక అందరూ చూసేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. చూసినవాళ్ళు "చూశా" అని ఒక్క మాట పెట్టాలి, అంతే. వేటకు పోయేవాళ్ళు, నాట్లలో ఉండేవాళ్ళు వెనకపడతారు కదా, వాళ్ళకు కథ ముందే తెలిసిపోకూడదని ఆయన పట్టుదల. చివరి "చూశా" వచ్చేదాకా మిగతావాళ్ళం నాలుక కరుచుకుని కూర్చునేవాళ్ళం.

ఇంజనీరు ఎపిసోడ్ కార్తీకంలో వచ్చింది. నేను మొదటి రోజే చూశాను. ఓడ బయట పనిచేస్తుంటే అతన్ని పట్టి ఉంచిన తాడు తెగిపోతుంది. ఓడ ఇంజన్లు ఆగి ఉన్నాయి, వెనక్కి తిరగలేదు. అతను అలా దూరమైపోతుంటాడు, గొంతు మాత్రం వినపడుతుంటుంది. ఇక చివరికి ఆ మాటే అంటాడు, సూపు వేడిగా ఉంచండి, వచ్చేస్తున్నా అని. లోపల అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. కెప్టెనమ్మ చాలాసేపు ఊరుకుని, మీట నొక్కి, అయిపోయింది అంటుంది. అతను నవ్వుతాడు. ఆ నవ్వు అలా సన్నగిల్లిపోతుంది, ఎపిసోడ్ అయిపోతుంది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మనిషి ప్రాణం పోతుంటే ఆ వెకిలి జవాబేమిటి? ఒక మంచి మాట చెప్పి పంపడం చేతకాలేదా? ఇన్నేళ్ళు చూసినందుకు నన్ను చెంపదెబ్బ కొట్టినట్టుంది. పెద్ద ఉత్తరమంత రాసి ఫోన్‌లో దాచుకున్నాను, గ్రూపులో పెట్టడానికి వేళ్ళు దురద పెడుతున్నాయి. ఒక్కొక్కరి "చూశా" వస్తోంది. బామ్మర్దిది రాలేదు, బావది రాలేదు. వేట బాగా సాగే రోజులు, వాళ్ళకు తీరిక లేదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం గాలి తిరిగింది. బావ అప్పటికే చిన్న పడవ మీద ఒక్కడే పీతల వల తీయడానికి వెళ్ళి ఉన్నాడు. తీరానికి దగ్గరే కదా అని తోడు ఎవరినీ తీసుకుపోలేదు, చిన్న సెట్టు ఒకటి మాత్రం వెంట ఉంది. బామ్మర్ది పడవ సముద్రంలో ఇంకా లోపలికి ఉంది, గాలి చూసి తిరుగుముఖం పట్టింది. దారిలో వైర్‌లెస్‌లో బావ గొంతు వినపడింది. ఎప్పటి మాటే. బామ్మర్ది ఎప్పటి జవాబే ఇచ్చి, సెట్టు పక్కనపెట్టి, అలల మీద కన్నేసి పడవ నడుపుకున్నాడు. ఒడ్డుకు చేరి, బావ కోసం ఎదురుచూశాడు. మర్నాడు ఆ చిన్న పడవ తిరగబడి ఇసకపల్లి వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మనిషి దొరకలేదు. పడవలన్నీ వెతికాయి, పోలీసులు వెతికారు. చివరికి ఊరి పెద్దలు దర్భలతో బొమ్మ చేయించి, దానికి నిప్పు పెట్టించి కర్మ జరిపించారు.

ఆ తర్వాత బామ్మర్ది గ్రూపులో ఒక రికార్డు పెట్టాడు. అతని గొంతు మామూలుగా వినడం నాకదే మొదటిసారి, ఎవరో కొత్తవాడనుకున్నాను.

"మీరందరూ యా మాట ఎవురు యా గొంతుతో అన్నారో చెప్పగలిగినోళ్ళు గదా. ఇది చెప్పండి. బావ ఎగతాళికి అన్నాడా, నన్ను సాయానికి పిలిచినాడా? నాకు తేడా తెలీలేదు. ఇట్టా అన్నాడు." అని, బావ గొంతుతో ఆ మాట అన్నాడు. "కాదు, ఇట్టా" అని మళ్ళీ అన్నాడు. మళ్ళీ కాదన్నాడు. అలా అంటూనే ఉన్నాడు. పులుసు వెచ్చబెట్టండి, వస్తా ఉండా. ఒకసారి సరదాగా, ఒకసారి ఆయాసపడుతూ, ఒకసారి వణుకుతూ. ఏది అసలుదో అతనికే తెలియడం లేదు. నేను ఆ రికార్డు పూర్తిగా ఒక్కసారే విన్నాను. మళ్ళీ వినే ధైర్యం లేకపోయింది, వినకపోయినా చెవిలోంచి పోలేదు. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి ఉన్నప్పుడు వెనక నించి ఎవరో అన్నట్టుండేది.

గ్రూపంతా గింజుకుంది. హాస్యం గురించి, గొంతుల గురించి ఏళ్ళ తరబడి వాదించుకున్న మనుషులం, ఒక్క మాట దగ్గర మూగవాళ్ళమైపోయాం. సంగం పెద్దాయనే దారి చూపించారు. "బావ ఆ ఎపిసోడ్ చూడలేదు. చూసి ఉంటే చూశానని పెట్టేవాడు. అది చావు మాటగా మారిందని ఆయనకు తెలియదు. రోజూ అనే మాట రోజూలాగే అన్నాడు. గాలి ఆ తర్వాత ముదిరి ఉంటుంది. నీ తప్పేం లేదు నాయనా." అందరూ అవునంటే అవునన్నారు. నేనూ అవునన్నాను. వినడానికి న్యాయంగానే ఉంది, పైగా అది నిజం కావాలని మా అందరికీ ఉంది.

బామ్మర్ది ఆ మాట పట్టుకున్నాడు. కానీ పడవెక్కలేదు. అల్లూరు పక్క ఒక చెరువు మీద పనికి కుదిరాడు. మేతలు చల్లడం, నీళ్ళ సీసాలు నా ల్యాబుకు తేవడం. సముద్రం మీద బతికినవాడు చెరువు నీళ్ళ సీసా పట్టుకుని నా గుమ్మంలో నిలబడితే నాకు ఎటు చూడాలో తెలిసేది కాదు. ఎప్పుడొచ్చినా వెళ్ళేముందు ఒకే మాట అడిగేవాడు.

"బావ చూళ్ళేదు గదక్కా?"

"చూళ్ళేదు."

"సరే."

ఇంకొకటి ఉంది. బావ పీతల వలకు పోయేటప్పుడు ఫోన్ ఇంట్లో పెట్టి పోయాడు. ఆయన భార్య దాన్ని చార్జింగ్ పెడుతూనే ఉంది. అప్పుడప్పుడు తెరిచేది కాబోలు, గ్రూపులో ఆయన పేరు కింద ఆన్‌లైన్ అని వచ్చేది. ఆ అక్షరాలు చూసిన ప్రతిసారీ చేస్తున్న పని ఆపేసేదాన్ని. ఇప్పుడు గాలి హోరు వినపడుతుంది, ఇప్పుడు నా మీద పడతాడు అని ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయేదాన్ని. కాసేపటికి ఆ అక్షరాలు పోయేవి. గ్రూపులో అందరూ చూసేవాళ్ళనే నా అనుమానం. ఎవరూ పైకి అనలేదు.

ఎండలు ముదిరి, చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టే వేట నిషేధం నడుస్తున్న రోజుల్లో ఒక ఉదయం బావ భార్య ల్యాబుకు వచ్చింది. అల్లూరులో ఆసుపత్రి పని మీద వచ్చిందట, తమ్ముడు నీళ్ళు తెచ్చే వేళకు చూసిపోదామని ఆగింది. అతను ఇంకా రాలేదు. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చాను. కంప్యూటర్ అంచున నేను అంటించుకున్న ఓడ బొమ్మ చూసి, మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"ఆ ఇంజనీర్ని చంపేసినారు గదక్కా, పాపం."

"నువ్వు చూశావా అమ్మా?"

"ఆయన చూస్తా ఉంటే పక్కన కూచున్నా. ఆ పొద్దున్నే. వలకి పొయ్యే ముందర."

నా చేతిలో పరీక్షగొట్టం ఉంది. దాన్ని జాగ్రత్తగా స్టాండులో పెట్టాను.

"మరి గ్రూపులో పెట్టలేదే?"

"పెట్టబోయి మానుకున్నాడు. ఇప్పుడు పెడితే అక్క గొడవకొస్తది, జవాబు చెప్పేదానికి టైము లేదు, వచ్చినాక తీరిగ్గా పెడతా అన్నాడు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "చూస్తా చూస్తా నవ్వినాడు. మళ్ళా కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి అక్క ఓడిపోయిందిమే అన్నాడు నాతో. ఎందుకన్నాడో నాకు తెలీదు."

నాకు తెలుసు. నేను వెకిలి అనుకున్న ఆ జవాబును ఆయన ఇంకోలా చూశాడు. ఏమని చూశాడో మాత్రం సరిగ్గా తెలియదు, అది చెప్పడానికే ఆయన తిరిగి రావలసింది.

ఆ తర్వాత బామ్మర్ది వచ్చాడు. అక్కాతమ్ముళ్ళు చెరువు గురించి, పిల్లల గురించి మాట్లాడుకున్నారు. వైర్‌లెస్‌లో ఏం జరిగిందో అతను తన అక్కకు చెప్పలేదు, ఆ ఫోన్‌లో బావ గొంతు తప్ప ఆమె ఇంకేదీ వినదట. బావ ఎపిసోడ్ చూశాడన్న సంగతి ఆమె తమ్ముడికి చెప్పలేదు, దాంట్లో చెప్పాల్సిందేం ఉందో ఆమెకు తెలియదు. రెండూ తెలిసిందాన్ని నేనొక్కదాన్నే. ఆరోజు అతను వెళ్ళేముందు తన ప్రశ్న అడగలేదు, అక్క పక్కన ఉంది కాబట్టి. నాకు బతికిపోయాననిపించింది.

బావ ఆ ఎపిసోడ్ చూసి వెళ్ళాడంటే, ఆ మాట ఎలాంటిదో ఆయనకు తెలిసే అన్నాడు. ఒడ్డుకు బయల్దేరానని చెప్పడానికి ఆయనకు అదొక్కటే మాట ఉంది, నిజమే. కానీ గాలి తిరిగిన సముద్రం మీద, ఆ పొద్దున్నే కళ్ళు తుడుచుకున్న మనిషి ఆ మాట ఉత్తినే అంటాడా? నేను ఇంట్లో అన్నం వండుకుంటూ, మోటారు సైకిలు మీద పోతూ, రొయ్యను కోస్తూ దీన్నే తిప్పి తిప్పి చూశాను. నాకు తేలలేదు. భయం మాత్రం వేసింది. ఈ సంగతి చెబితే అతను ఏమైపోతాడు? చెప్పకపోతే, ఎప్పుడో వాళ్ళక్క నోటి నుంచి దానంతటదే జారిపడితే ఏమైపోతాడు?

నిషేధం ముగియబోతుండగా బామ్మర్ది సీసా లేకుండా వచ్చాడు. చెరువు పని మానేశాడట. రేపు పడవ దించుతున్నారు, తను కూడా పోతున్నాడు. గడ్డం గీసుకున్నాడు, చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. కుర్చీలో కూర్చోకుండా బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"పొయ్యేముందు ఒక్కసారి చెప్పక్కా. బావ చూళ్ళేదు గదా?"

లేదు అంటే చాలు, అతను రేపు పడవెక్కుతాడు. ఆ మాట నోటి దాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళలో ఎవరి సీసాకీ నేను దొంగ అంకె రాసివ్వలేదు. నవ్వేవాడికీ, ఏడ్చేవాడికీ ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఆ అలవాటే గెలిచిందనుకుంటాను.

"చూశాడు. ఆ పొద్దున్నే చూశాడట. మీ అక్క చెప్పింది."

అతను బల్ల వదల్లేదు. కళ్ళు మాత్రం సీసాల వరస మీద నిలిచిపోయాయి. నువ్వు చూశావా అని అడిగితే లేదని తల ఊపాడు. అయితే చూడు అని కంప్యూటర్లో ఆ చివరి సీను పెట్టాను. నాకింకేం చేయాలో తోచలేదు. ఇంజనీరు తాడు తెగింది. గొంతు దూరమైంది. ఆ మాట అన్నాడు. కెప్టెనమ్మ మీట నొక్కే ముందు ఊరుకున్న ఆ కాసేపు ఇద్దరం తెర మీదికి వంగాం. అయిపోయింది అందామె. ఇంజనీరు నవ్వాడు.

ఆ నవ్వు దగ్గర బామ్మర్ది గబుక్కున చెయ్యి చాపి ఆపేశాడు.

"నవ్వినాడక్కా" అన్నాడు.

"ఇంజనీరా?"

"బావ. గిన్నె కడిగేసినాం అన్నాక నవ్వినాడు. సెట్టులో వినపడింది. ఇంతవరకూ నేను ఎవురికీ చెప్పలా. ఎగతాళి నవ్వే అనుకున్నా. ఒడ్డుకు వచ్చి కూచున్నాక అది ఏం నవ్వో నాకు తెలీలేదు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఎక్కడ నవ్వాలో ఎక్కడ నవ్వకూడదో అందరికీ పాఠాలు చెప్పిన మనిషిని నేను. అతను నా వైపే చూస్తున్నాడు.

"కాపాడమని పిలిచినాడా, పోతా ఉండానని చెప్పినాడా? నువ్వు చెప్పక్కా. నువ్వేం చెప్తే అదే అనుకుంటా."

"పోతున్నానని చెప్పాడు" అన్నాను. నా దగ్గర ఏ ఆధారమూ లేదు. "కాపాడమనేవాడు నవ్వడు నాయనా. నీ మాట విన్నాడు. నువ్వున్నావని తెలిసి నవ్వాడు. ఒంటరిగా పోలేదు."

అది చెబితే అతని మనసు కుదుటపడుతుందనుకున్నాను. అతను నా మాట మొత్తం విని, మెల్లిగా అన్నాడు.

"అయితే నేను సాగనంపినట్టే గదక్కా."

అప్పుడు ఏడ్చాడు. కర్మ రోజు కూడా ఏడవలేదని వాళ్ళక్క చెప్పింది. నేను వీపు మీద చెయ్యి వేశాను, ఊరుకోమని మాత్రం అనలేదు. నేను చెప్పిన మాట అతని మీద బరువు దించిందో, ఇంకో బరువు ఎక్కించిందో ఈరోజుకీ నాకు తెలియదు. తెలియదనే అంటాను, ఎవరడిగినా.

మర్నాడు అతను పడవెక్కాడు. ఇప్పటికీ పోతున్నాడు. ఆ మధ్య వాళ్ళక్క మళ్ళీ వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పింది, అది విన్న దగ్గర్నుంచీ నాకు సముద్రం వైపు వెళ్ళబుద్ధి కావడం లేదు. వైర్‌లెస్‌లో ఎవరు పిలిచినా, ఏ మాట అన్నా, సరదాకి తిట్టినా, పాట పాడినా, అతను ఒక్కటే అడుగుతాడట. "యాడుండావు?" పక్క పడవలో ఉన్నవాడు, కంటికి కనపడుతున్నవాడు పిలిచినా అదే అడుగుతాడట. హార్బరులో కుర్రాళ్ళకు అదొక వేళాకోళమైపోయింది, అతన్ని చూస్తే యాడుండావు యాడుండావు అని గొంతు మార్చి అరుస్తారట. అతను నవ్వడు, కోప్పడడు. సెట్టులో పిలిచినవాళ్ళు ఎక్కడున్నారో సరిగ్గా చెప్పేదాకా సెట్టు వదలకుండా అడుగుతూనే ఉంటాడట.